స్టీమ్ నుంచి హైవ్: ఒక వేరు కాపురం కథ

2020 మార్చిలో ఆఫీసు మూసేసి ఇంటి నుంచి పని చేసుకోమంటే బెంగళూరు నుంచి చిట్టమూరు వచ్చేశాను. (2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు మా మండలం తిరుపతి వైపు వెళ్లింది. మా నోట్లో మాత్రం ఇంకా నెల్లూరే.) ట్రంకుపెట్టె సర్దుతుంటే తాత సహకార సంఘంలో వాటా కట్టిన రసీదు దొరికింది. పది రూపాయలు. నాన్నని అడిగితే, సంఘంలో పది రూపాయలు కట్టినవాడికీ ఒక ఓటే, వెయ్యి కట్టినవాడికీ ఒక ఓటే అన్నాడు. 1964 నాటి మన సహకార సంఘాల చట్టం చెప్పేదీ అదే. అప్పటికి రెండు వారాలుగా నేను ఫోన్లో చూస్తున్న గొడవంతా సరిగ్గా దీని గురించే.

ఆ గొడవ పేరు స్టీమ్. 2016లో డాన్ లారిమర్, నెడ్ స్కాట్ మొదలుపెట్టిన బ్లాక్‌చెయిన్. మనం ఏదైనా రాస్తే చదివినవాళ్లు ఓట్లేస్తారు, ఆ ఓట్లని బట్టి నాణేలొస్తాయి. వెనెజువెలా, నైజీరియా లాంటి చోట్ల దీంతో ఇంటి ఖర్చులు వెళ్లదీసుకున్నవాళ్లున్నారు. దీన్ని నడిపేది విట్‌నెస్‌లనబడే ఇరవై మంది. వాళ్లని ఎన్నుకునేది నాణేలున్నవాళ్లు. ఎన్ని నాణేలు తాళం వేసి పెడితే ఓటుకి అంత బరువు. పైగా ఒక్కొక్కరు ముప్ఫై మందికి ఓటెయ్యొచ్చు, ప్రతి ఓటుకీ పూర్తి బరువే. అంటే అందరికంటే పెద్ద మూట ఉన్నవాడు ఒకటో రెండో సీట్లు కాదు, ఇరవైకి ఇరవై పట్టుకుపోవచ్చు.

ఆ పెద్ద మూట మొదటి రోజుల నుంచీ ఉంది. నెట్‌వర్క్ మొదలైనప్పుడే స్టీమిట్ కంపెనీ బోలెడన్ని నాణేలు తవ్వి పక్కన పెట్టుకుంది. ఇవి అభివృద్ధికే ఖర్చు పెడతాం, విట్‌నెస్‌ల ఎన్నికల్లో వాడం అని మాటిచ్చింది. నాలుగేళ్లు ఆ మాట మీదే అంతా నడిచింది. ప్రతి చిన్న నియమాన్నీ కోడ్‌లో రాసుకున్నవాళ్లు ఈ ఒక్కదాన్ని మాత్రం రాయలేదు. ప్రోగ్రామర్‌గా నాకు ఇదే మింగుడుపడదు.

2020 ఫిబ్రవరి 14న స్టీమిట్‌ని ట్రాన్ అధిపతి జస్టిన్ సన్ కొన్నట్టు ప్రకటన వచ్చింది. వారెన్ బఫెట్‌తో ఒక్కపూట భోజనానికి 45 లక్షల డాలర్లకి పైగా పాడుకున్న మనిషి ఈయనే. స్టీమ్‌ని ట్రాన్‌లో కలిపేస్తారని జనం భయపడ్డారు. పాత యజమాని ఇచ్చిన మాట కొత్త యజమానిని కట్టేస్తుందా? ఆ జవాబు కోసం విట్‌నెస్‌లు ఆగలేదు. పది రోజుల్లోనే 0.22.2 అనే సాఫ్ట్ ఫోర్క్ పెట్టి ఆ నాణేలు కదలకుండా, ఓటెయ్యకుండా ఆపేశారు.

నేను ప్రజల పక్షమే. కానీ ఈ కథ చెప్పేవాళ్లు ఇక్కడ కాస్త వేగంగా దాటేస్తారు. డబ్బిచ్చి కొన్నవాడి ఆస్తిని మొదట స్తంభింపజేసింది మనవాళ్లే. సన్ వాళ్లని హ్యాకర్లన్నాడు. ఆ తిట్టు తప్పే, కానీ కోపం వచ్చిన కారణం నాకు అర్థమవుతుంది.

అయితే ఆయన చేసిన పని మాత్రం సమర్థించలేం. మార్చి 2న బైనాన్స్, హువోబీ, పోలోనియెక్స్ ఎక్స్ఛేంజీలు తమ దగ్గర ఖాతాదారులు దాచుకున్న స్టీమ్‌కి తాళం వేసి, ఆ బరువుతో ఓట్లేశాయి. మనం బ్యాంకులో వేసుకున్న డబ్బుతో బ్యాంకు మేనేజర్ మన ఊరి సర్పంచిని మార్చేసినట్టు. గంటల్లో ఇరవై సీట్లలో కొత్త ఖాతాలు కూర్చున్నాయి, సాఫ్ట్ ఫోర్క్ రద్దయింది. తాళం వేసిన నాణేలు పూర్తిగా బయటికి రావడానికి అప్పట్లో 13 వారాలు పట్టేది. ఈలోగా సొమ్ము తీసుకుందామనుకున్న ఖాతాదారుకి సమాధానం లేదు.

అల్లరి పెద్దదైంది. మామూలు అప్‌గ్రేడ్ అనుకుని ఒప్పుకున్నామని బైనాన్స్ చాంగ్‌పెంగ్ జావో చెప్పుకున్నాడు. బైనాన్స్, హువోబీ ఓట్లు వెనక్కి తీసుకున్నాయి. చిన్నచిన్న ఖాతాలవాళ్లంతా కూడబలుక్కుని ఓట్లేసి కొన్ని సీట్లు తిరిగి గెలుచుకున్నారు. కానీ నియమాలు మార్చాలంటే పదిహేడు సీట్లు కావాలి. అన్ని ఎవరి దగ్గరా లేవు. సన్ నాణేలు ఎక్కడికీ పోవు, వీళ్లు ఎన్నాళ్లని కాపలా కాస్తారు?

అందుకే మార్చి 20న వేరుపడ్డారు. హార్డ్ ఫోర్క్ అంటే మన వేరు కాపురమే, ఒక తేడాతో. ఇక్కడ ఇల్లు సగం చెయ్యక్కర్లేదు, ఇల్లంతటికీ నకలు తీస్తారు. స్టీమ్‌లో వెయ్యి ఉంటే అవి అక్కడే ఉంటాయి, కొత్తగా పుట్టిన హైవ్‌లో మరో వెయ్యి వస్తాయి. స్టీమిట్ మూటకి మాత్రం హైవ్‌లో వాటా లేదు. సన్ మనుషుల్ని బలపరిచిన ఖాతాలనీ పక్కనపెట్టారు. అలా ఎవరికి వాటా లేదో ముందే జాబితా రాసుకుని స్వేచ్ఛా నగరం కట్టుకున్నారు. తర్వాత వాళ్లలో కొందరు, మా వాటా మాకివ్వండని హైవ్‌వాళ్ల ఓట్ల ముందే నిలబడాల్సొచ్చింది.

మే 20న స్టీమ్ వైపు దీనికి బదులొచ్చింది. 64 ఖాతాల నుంచి 2 కోట్ల 36 లక్షల స్టీమ్, అప్పటి ధరకి 50 లక్షల డాలర్ల పైమాట, ఏకంగా లాక్కున్నారు. ఎవరో అజ్ఞాత వ్యక్తి ఆ మొత్తాన్ని బిట్రెక్స్ ఎక్స్ఛేంజీకి పంపేసి, ఇవి అసలు యజమానులకి తిరిగివ్వండని చీటీ జోడించాడు. ఈ కథలో నాకు బాగా నచ్చిన పాత్ర ఆ చెయ్యే.

మరి సహకార సంఘంలా మనిషికో ఓటు పెట్టొచ్చు కదా అంటే, బ్లాక్‌చెయిన్‌కి మనుషులు తెలీదు, ఖాతాలే తెలుసు. ఒక్కడే రాత్రికి రాత్రి పదివేల ఖాతాలు తెరవగలడు. తాతని సంఘం గుమాస్తా ముఖం చూసి గుర్తుపట్టేవాడు. హైవ్ చేసుకోగలిగింది ఇంతే: కొత్తగా తాళం వేసిన నాణేలకి ఓటు బరువు రావాలంటే ముప్ఫై రోజులాగాలి. డబ్బుకి ఓటు పోలేదు, రాత్రికి రాత్రి దాడి చెయ్యడం కుదరదంతే.

నాన్నకి ఇదంతా ఓపిగ్గా చెప్పాను. విని ఒకటే అడిగాడు.

"ఎన్నికల్లో వాడమన్న ఆ మొదటి మాట, కాయితం మీద రాయించుకోలేదా?"

"లేదు నాన్నా."

రసీదు మడిచి మళ్లీ పెట్టెలో పెట్టాడు.