రాత్రి శికార్‌కు మొదటి థర్మల్ స్కోప్: కొనే ముందు ఏం చూడాలి?

టెక్సాస్‌లో ఊరి బయట కాస్త భూమి కొని మేకలు, కోళ్లు పెంచుకునేవాళ్లకి రెండు బెడదలు తప్పవు. ఒకటి అడవిపందులు, రెండోది తోడేలుకీ నక్కకీ మధ్యలో ఉండే కొయోటీలు. రెండూ ఎక్కువగా తిరిగేది చీకట్లోనే. పందుల మంద ఒక్క రాత్రిలో పచ్చికబీడుని నాగలి పెట్టి దున్నినట్టు తవ్వి పోతుంది. రాష్ట్రంలో ఇవి 20 లక్షలకు పైనే ఉంటాయని అంచనా. అందుకే రాంచ్ ఉన్న స్నేహితుడి దగ్గరికి వీకెండ్‌లో వెళ్లి, ఇషా తర్వాత శికార్‌కి బయల్దేరే మనవాళ్లు కూడా ఇప్పుడు థర్మల్ స్కోప్ గురించి వాకబు చేస్తున్నారు.

ధర సుమారు వెయ్యి డాలర్ల నుంచి ఆరు వేలు దాటేదాకా ఉంటుంది. తప్పు స్కోప్ కొంటే డబ్బు పోతుంది. రూలు తెలియకపోతే వీసానే పోవచ్చు. అందుకే రెండోదాంతో మొదలుపెట్టాలి.

ముందు వీసా సంగతి

అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం హెచ్-1బి, హెచ్-4, ఎఫ్-1 లాంటి నాన్ ఇమ్మిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ, తూటాలు గానీ దగ్గర పెట్టుకోకూడదు. సొంతంగా కొనడం ఒక్కటే కాదు, స్నేహితుడి రైఫిల్‌ని కాసేపు చేతిలోకి తీసుకున్నా 'పొసెషన్' కిందికి రావచ్చు. శిక్ష 15 ఏళ్ల దాకా ఉంది. కేసు పడితే గ్రీన్‌కార్డు దారి కూడా మూసుకుపోయే ప్రమాదం ఉంది. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకి ఈ నిషేధం వర్తించదు.

నాన్ ఇమ్మిగ్రెంట్లకి ఈ చట్టంలోనే కొన్ని మినహాయింపులు ఉన్నాయి. మనవాళ్లకి పనికొచ్చేది ఒకటి: అమెరికాలోని ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని హంటింగ్ లైసెన్స్ దగ్గర ఉండాలి.

అసలు చిక్కు ఇక్కడే వస్తుంది. 2019 సెప్టెంబర్ 1 నుంచి టెక్సాస్‌లో ప్రైవేటు భూమిలో, యజమాని అనుమతితో అడవిపందుల్ని కొట్టడానికి హంటింగ్ లైసెన్స్ అక్కర్లేదు. "పందులకి లైసెన్స్ వద్దు భాయ్, వచ్చెయ్" అని స్నేహితుడు పిలుస్తాడు. రాష్ట్ర చట్టం ప్రకారం ఆయన చెప్పింది కరెక్టే. కానీ పిలుపందుకున్న వ్యక్తి హెచ్-1బి మీద ఉంటే, లైసెన్స్ లేకుండా రైఫిల్ పట్టుకోవడం ఫెడరల్ నేరం. రాష్ట్రం అడగని ఆ కాగితమే అతన్ని కాపాడే కాగితం. దాని ఫీజు స్కోప్ ధర ముందు ఏపాటిది? వీసా మీద ఉన్నవాళ్లు లైసెన్స్ తీసుకున్నాక కూడా ఒకసారి ఇమ్మిగ్రేషన్ లాయర్‌తో మాట్లాడుకుంటే మంచిది.

1971 సెప్టెంబర్ 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లకి టెక్సాస్‌లో హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు కూడా తప్పనిసరి. ఇవన్నీ టెక్సాస్ రూల్స్. రాత్రి శికార్ మీద, థర్మల్ వాడకం మీద ఒక్కో రాష్ట్రానిది ఒక్కో పద్ధతి. పక్క రాష్ట్రంలో చెల్లినది ఇక్కడా చెల్లుతుందనుకోవద్దు.

థర్మల్ ఏం చూపిస్తుంది, ఏం చూపించదు

థర్మల్ స్కోప్ వెలుతురుని చూడదు, వేడిని చూస్తుంది. ప్రతి వస్తువూ తన వేడిని బట్టి ఇన్‌ఫ్రారెడ్ కిరణాలు వదులుతుంది. అందులో 8 నుంచి 14 మైక్రాన్ల పొడవున్న వాటిని జెర్మేనియం లెన్స్ పట్టి సెన్సర్ మీద వేస్తుంది. అమావాస్య రాత్రి అయినా సరే, వెచ్చని జంతువు చల్లటి గడ్డిలో తెల్లగా మెరుస్తుంది. నైట్ విజన్ దారి వేరు. దానికి ఎంతో కొంత వెలుతురు గానీ, ఇన్‌ఫ్రారెడ్ టార్చి గానీ కావాలి.

థర్మల్‌కి అద్దం అడ్డుగోడే. పికప్ అద్దం దించకుండా చూస్తే మీ ముఖం నీడే కనిపిస్తుంది. వాన, దట్టమైన పొగమంచు దూరాన్ని బాగా తగ్గిస్తాయి. ఎండాకాలం మగ్రిబ్ అయిన కాసేపటిదాకా రాళ్లు, చెట్ల మొదళ్లు వేడిగానే ఉంటాయి కాబట్టి బొమ్మ గజిబిజిగా వస్తుంది. రాత్రి ముదిరి నేల చల్లబడ్డాక అదే స్కోప్ బ్రహ్మాండంగా పనిచేస్తుంది. ఫెన్సింగ్ తీగ, సన్నటి కొమ్మ చుట్టుపక్కల వాటితో సమానమైన వేడిలో ఉంటే అస్సలు కనిపించకపోవచ్చు. జంతువు వెనక, గుట్ట అవతల ఇల్లుందా, రోడ్డుందా అనేది కూడా తెలియదు. ఆ భూమిని పగలు ఒకసారి నడిచి చూడనివాళ్లు రాత్రి అక్కడ తూటా పేల్చకూడదు.

బాక్సు మీద అంకెలు

కంపెనీలు పెద్ద అక్షరాలతో వేసేది 'డిటెక్షన్ రేంజ్'. వెయ్యి గజాలు, రెండు వేల గజాలు అని ఉంటుంది. అక్కడ ఏదో వెచ్చగా ఉందని తెలుస్తుంది, అంతే దాని అర్థం. అది పందో, దూడో, మనిషో తెలుస్తుందని కాదు.

లెక్క వేసుకోవడం కష్టమేం కాదు. ఇప్పుడు వచ్చే సెన్సర్లలో ఎక్కువ వాటికి పిక్సెల్ సైజు 12 మైక్రాన్లు. దానికి 35 మిల్లీమీటర్ల లెన్స్ పెడితే 100 గజాల దూరంలో ఒక్కో పిక్సెల్ సుమారు 3 సెంటీమీటర్ల మేర చూస్తుంది. 75 సెంటీమీటర్ల ఎత్తున్న పంది అక్కడ 24 పిక్సెళ్ల ఎత్తులో కనిపిస్తుంది. చెవులు, మూతి, కాళ్లు విడిగా తెలుస్తాయి. 200 గజాల్లో 12 పిక్సెళ్లు, 300 గజాల్లో 8. వెయ్యి గజాల దగ్గర మిగిలేది రెండు చుక్కలే. జంతువు ఏదో గుర్తుపట్టాలంటే ఎత్తులో కనీసం 12, 13 పిక్సెళ్లు ఉండాలన్నది చాలాకాలంగా వాడుతున్న కొలత. అంటే ఈ స్కోప్ నిజమైన రేంజ్ 200 గజాలు, బాక్సు మీద ఏం రాసి ఉన్నా సరే.

సెన్సర్ దగ్గర చాలామంది పొరబడతారు. 256×192, 384×288, 640×512 అని మూడు రకాలు దొరుకుతాయి. 640 కొంటే జంతువు ఇంకా వివరంగా కనిపిస్తుందని అనుకుంటారు. లెన్స్, పిక్సెల్ సైజు ఒకటే అయితే జంతువు మీద పడే పిక్సెళ్లూ అంతే. మారేది వెడల్పు. 35 మిల్లీమీటర్ల లెన్స్‌తో 384 సెన్సర్ 100 గజాల దగ్గర సుమారు 12 మీటర్ల వెడల్పు చూపిస్తే, 640 సెన్సర్ 20 మీటర్లు చూపిస్తుంది. పరిగెత్తే మందని వెంబడించాలంటే ఆ తేడా పెద్దదే. వివరం పెరగాలంటే మాత్రం లెన్స్ పెద్దది కావాలి: 50 మిల్లీమీటర్లైతే ఒక్కో పిక్సెల్ 2.2 సెంటీమీటర్లే చూస్తుంది. దానికి తగ్గట్టు బరువు, ధర పెరుగుతాయి, చూపు మేర ఇరుకవుతుంది. డిజిటల్ జూమ్‌ని లెక్కలోకి తీసుకోవద్దు. అది ఫోన్‌లో ఫొటోని వేళ్లతో సాగదీసినట్టే.

ఎన్ఈటీడీ అనే ఇంకో అంకె ఉంటుంది. ఎంత చిన్న వేడి తేడాని పట్టగలదో చెబుతుంది, ఎంత తక్కువుంటే అంత మంచిది. గల్ఫ్ తీరంలో, హ్యూస్టన్ వైపు గాలిలో తేమ ఎక్కువ కాబట్టి 25 మిల్లీకెల్విన్లు లేదా అంతకన్నా తక్కువ ఉన్నది చూసుకోవాలి. రిఫ్రెష్ రేటు 50 హెర్ట్జ్ ఉంటే చాలు. చవగ్గా దొరికే 9 హెర్ట్జ్ పరికరాల్లో కదిలే జంతువు ఎగిరెగిరి కనిపిస్తుంది. మీ రైఫిల్ క్యాలిబర్ తన్నుని ఆ స్కోప్ తట్టుకుంటుందో లేదో, వారంటీ ఎన్నేళ్లో, బ్యాటరీ మార్చుకునేదో కాదో కూడా అడగాలి.

మరి ఏది కొనాలి?

మేకల దొడ్డి చుట్టూ, మొక్కజొన్న చల్లే ఫీడర్ దగ్గర శికార్ దాదాపు ఎప్పుడూ 150 గజాల లోపే ఉంటుంది. దానికి 384 సెన్సర్, 25 నుంచి 35 మిల్లీమీటర్ల లెన్స్ సరిపోతాయి. ఏజీఎం రాట్లర్ లాంటి మోడళ్లు ఈ కొలతల్లో వస్తాయి, ధర సుమారు 1,500 నుంచి 2,500 డాలర్ల మధ్య ఉంటుంది. 256 సెన్సర్‌వి ఇంకా చవక. 75 గజాలు దాటితే వాటితో ఇబ్బందే. 640 అనేది పెద్ద మైదానాల్లో తరచూ వెళ్లేవాళ్లకి. పల్సర్ థర్మియన్ మామూలు పగటి స్కోప్ ఆకారంలో ఉండి మామూలు రింగుల్లోనే బిగుస్తుంది. అలవాటైన రైఫిల్ మీద అది సుఖం.

అసలు మొదటి ఖర్చు స్కోప్ మీదే పెట్టాలా అనేది వేరే ప్రశ్న. స్కోప్ ఒక్కటే ఉంటే పొలమంతా వెతకడానికి రైఫిల్‌నే అటూ ఇటూ తిప్పాలి. అంటే ఏమిటో తెలియని ప్రతి వెచ్చటి మచ్చ మీదికీ తుపాకీ గొట్టం పెట్టినట్టే. ఆ మచ్చ పక్కింటి కుక్క కావచ్చు, మనిషే కావచ్చు. చేత్తో పట్టుకునే థర్మల్ మోనోక్యులర్ ఈ ప్రమాదాన్ని తప్పిస్తుంది. మొత్తం 2,500 డాలర్లే ఉంటే అంతా స్కోప్‌లో పెట్టకుండా, ఒక మధ్యరకం స్కోప్, ఒక చవక మోనోక్యులర్ తీసుకోవడం మేలు. మోనోక్యులర్‌కి తుపాకీతో పని లేదు. తప్పిపోయిన మేకపిల్లని వెతకడానికీ పనికొస్తుంది.

జీరోయింగ్‌కి మామూలు కాగితం టార్గెట్ థర్మల్‌లో ఖాళీగా కనిపిస్తుంది. చలికాలం జేబుల్లో పెట్టుకునే హ్యాండ్ వార్మర్ ఒకటి మధ్యలో అంటిస్తే చాలు.

చుక్కలు కనిపించవు

మనవాళ్లకి పంది మాంసంతో పని లేదు, మనసు జింక మీదికే పోతుంది. టెక్సాస్‌లో ఒక విశేషం ఉంది. మన అడవుల్లోని చుక్కల దుప్పిని 1932లో అక్కడికి తీసుకెళ్లారు. మనుబోతు, అంటే నీల్‌గాయ్, కింగ్ రాంచ్ ద్వారా దక్షిణ టెక్సాస్‌లో స్థిరపడింది. వీటిని 'ఎగ్జాటిక్' అంటారు. ప్రైవేటు భూమిలో యజమాని అనుమతి, హంటింగ్ లైసెన్స్ ఉంటే వీటికి సీజన్ అంటూ లేదు. స్థానిక వైట్‌టెయిల్ జింకని మాత్రం సీజన్‌లోనే, అదీ సూర్యోదయానికి అరగంట ముందు నుంచి సూర్యాస్తమయం తర్వాత అరగంట దాకానే కొట్టాలి. రాత్రి కొడితే నేరం.

థర్మల్‌లో రంగు ఉండదు. దుప్పి చుక్కలు వేడిలో తేడా చూపించవు. ఆడ దుప్పి, ఆడ వైట్‌టెయిల్ 150 గజాల్లో పక్కపక్కన నిలబడితే అనుభవం ఉన్నవాళ్లు కూడా తడబడతారు. కాబట్టి దుప్పిని పగలే వేటాడాలి. థర్మల్‌ని పందులకి, కొయోటీలకి ఉంచుకోవాలి.

హలాల్ మాట

పంటకీ, మందకీ నష్టం చేసే జంతువుని చంపడానికి షరియత్‌లో అనుమతి ఉంది. ప్రాణమున్న జంతువుని సరదాకి గురిపెట్టడం మాత్రం నిషిద్ధం. తినడానికి కొట్టే జంతువు మీద తూటా పేల్చేటప్పుడే బిస్మిల్లా చెప్పాలి. జబీహా చేసేలోపే తూటాకి చనిపోతే ఎలా అన్నదాంట్లో ఉలమా మధ్య భేదం ఉంది. తూటా చర్మాన్ని చీల్చుకుని పోతుంది కాబట్టి హలాల్ అని ఈ కాలపు పండితుల్లో చాలామంది అంటారు. ఉపఖండంలోని హనఫీ ఉలమాలో ఎక్కువమంది, ప్రాణం ఉండగా అందుకుని జబీహా చేస్తేనే హలాల్ అంటారు. హైదరాబాద్, రాయలసీమ వైపు కుటుంబాల్లో హనఫీలే ఎక్కువ. మీ ఇమామ్‌ని శికార్‌కి ముందే అడగాలి, మాంసం ఫ్రీజర్‌లోకి చేరాక కాదు.

ఇండియాకి తీసుకెళ్లొద్దు

సెలవులకి వచ్చేటప్పుడు తమ్ముడి కోసమో, మామూ కోసమో సూట్‌కేసులో థర్మల్ స్కోప్ పెట్టుకుని బయల్దేరకండి. ఇవి అమెరికా ఎగుమతి ఆంక్షల కింద ఉన్న వస్తువులు. ప్రభుత్వ అనుమతి లేకుండా దేశం దాటిస్తే నేరం, వాడుకున్నదైనా, బహుమతిగా ఇచ్చేదైనా. పైగా ఇక్కడ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం శికార్ నిషిద్ధం. దుప్పిని గానీ, మనుబోతుని గానీ సరదాకి వేటాడితే జైలే.