అంట్ల బూడిద, కరెంటు ఓవెన్

మా నిజాంపట్నం పాత రేవు. 1606లో డచ్చివారు, 1611లో ఇంగ్లీషువారు ఇక్కడ వర్తకానికి దిగారు. ఆ సరుకుల లెక్కలు పుస్తకాలకెక్కాయి గానీ, అంట్లు తోమిన ఆడవాళ్ళ సంగతి ఎవరు రాశారు గనక!

వాళ్ళ చేతిలో ఉన్నది కట్టెల బూడిద. అందులోని క్షారం జిడ్డును విడగొడుతుంది. తర్వాత కరెంటు వంట వచ్చింది. 1892లో కెనడాలోని ఒటావాలో థామస్ అహెర్న్ ఒక హోటలు విందంతా కరెంటు ఓవెన్లలో వండించాడు. కట్టెలతోపాటు బూడిదా పోయింది. జిడ్డు మాత్రం పోలేదు. దానికోసం బజారుకొచ్చిన ఓవెన్ మందుల్లో చాలావాటిలో ఉండేది కాస్టిక్ సోడా. అదీ క్షారమే, కాకపోతే చర్మాన్ని కాల్చేంత ఘాటు. అల్యూమినియాన్నీ తినేస్తుంది. అందుకని మన గుండ్రటి అల్యూమినియం ఓవెన్‌కి అది వద్దమ్మా. ప్లగ్గు తీసి, పూర్తిగా చల్లారాక, సబ్బునీళ్ళలో ముంచి గట్టిగా పిండిన గుడ్డతో తుడవండి. కాయిల్‌కు తడి తగలనివ్వకండి.

1963లో అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ వారు తనంతట తానే శుభ్రపడే ఓవెన్ తెచ్చారు. దాదాపు 480 డిగ్రీల సెంటిగ్రేడు వేడికి జిడ్డంతా మాడి బూడిదవుతుంది. చూశారా, మళ్ళీ బూడిదే! చల్లారాక తడిగుడ్డతో తీసెయ్యడమే. దీనికీ మందులు వాడకూడదు.

మైక్రోవేవ్ 1945 నాటి రాడార్ పనిలోంచి పుట్టింది. దాంట్లో గిన్నెడు నీళ్ళలో నిమ్మచెక్క వేసి, ఆవిరి పట్టించి, కాసేపాగి తుడిస్తే చాలు. పై రేకు మాత్రం విప్పొద్దు; ప్లగ్గు తీసినా లోపల కరెంటు నిలవ ఉండొచ్చు.

మా సముద్రపు గాలికి ప్లగ్గు పిన్నులకు చిలుము పడుతుంది. తుడిచి మళ్ళీ పెట్టేముందు వాటినీ ఓసారి చూసుకోండి.