తుపాకి లైసెన్సు ఫైళ్ళు – మూడు తాలూకాల జ్ఞాపకం

ప్రత్యేక సంచికకు మన ప్రాంత చరిత్ర మీద ఏదైనా వ్రాయమని సంఘం కార్యదర్శి గారు అడిగారు. పెనుకొండ కోట గురించి, లేపాక్షి బసవన్న గురించి వ్రాయడానికి నాకన్నా సమర్థులు మన సభ్యుల్లోనే చాలామంది ఉన్నారు. నాకు తెలిసినదల్లా ఫైళ్ళు. 1969లో రెవిన్యూ శాఖలో గుమాస్తాగా చేరి, హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాల్లోనే తిరిగి తిరిగి పనిచేసి, 2006లో పదవీ విరమణ చేశాను. అందులో దాదాపు తొమ్మిదేళ్ళపాటు నా బల్ల మీదికి వచ్చిన కాగితాల్లో తుపాకి లైసెన్సు కాగితాలు కూడా ఉండేవి.

ఆ కాగితాలు ఇప్పుడు గుర్తుకు రావడానికి కారణం మా మనుమడు. వాడు అమెరికాలో టెక్సాస్ రాష్ట్రంలో ఉద్యోగం చేస్తున్నాడు. అక్కడ 2021 సెప్టెంబరు నుంచి ఇరవై ఒక్క ఏళ్ళు నిండినవారు, చట్టం ప్రకారం అనర్హులు కాకపోతే, ఏ పర్మిట్టూ లేకుండానే పిస్తోలు నడుముకు పెట్టుకుని తిరగవచ్చునట. "ఇక్కడ అది హక్కు తాతా, 1791లోనే రాజ్యాంగంలో చేర్చుకున్నారు. మన దేశంలో తుపాకికి సర్కారును ఎందుకు అడుక్కోవాలి?" అని ఫోనులో అడిగాడు. మా ఇంటావిడ పక్కనుంచి "నీకు తుపాకి ఎందుకురా, ముందు పెళ్ళి చేసుకో" అని ఆ సంభాషణను అక్కడితో ముగించింది. వాడికి నేను బాకీపడ్డ జవాబు ఇక్కడ వ్రాస్తున్నాను.

మన సీమలో ఈ కథ పాలెగాళ్ళతో మొదలవుతుంది. 1800లో నిజాం ఈ ప్రాంతాన్ని కుంఫిణీకి వదులుకున్న తరువాత థామస్ మన్రో ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చి, అనంతపురంలో మకాం పెట్టి, 1807 దాకా ఇక్కడే ఉన్నాడు. ఆయన వచ్చేనాటికి దత్తమండలాల్లో పాలెగాళ్ళు ఎనభై మంది, వారి కింద ముప్ఫై వేల దాకా సాయుధులైన బంట్లు ఉన్నట్లు లెక్క. ఇంతమంది చేతుల్లోని ఆయుధాలను ఒక్కసారిగా లాక్కోవడం ఎవరి తరం? మన్రో దొర ఎత్తు వేరు. ముందు పేష్కషు పెంచాడు. కట్టలేనివారి పాలెం స్వాధీనం చేసుకున్నాడు. తిరగబడినవారి మీదికి సైన్యాన్ని పంపాడు. పాలెం పోయాక బంట్లకు జీతం లేదు, జీతం లేక బంట్లూ లేరు. రెవిన్యూ శాఖ లెక్కల పుస్తకంతో ఒక దేశాన్ని నిరాయుధం చేయవచ్చని మొదట నిరూపించినవాడు ఆయనే అని నా అభిప్రాయం. విచిత్రమేమంటే, మన పల్లెల్లో జనం తమ పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నారు. పాలెగాడి బంటు చేతిలో కత్తి పోయినందుకు సామాన్య రైతు ఏడవలేదన్నమాట. ఈ సంగతి నేను తరువాత మళ్ళీ ఎత్తుకుంటాను.

1857 తిరుగుబాటు అణిగిన తరువాత తెల్లదొరలకు భయం పట్టుకుంది. 1860లో ఒక ఆయుధాల చట్టం, దాన్ని మించి 1878లో లిట్టన్ వైస్రాయిగా ఉండగా మరొకటి తెచ్చారు. తుపాకే కాదు, కత్తి, బల్లెం కూడా ఆయుధాల లెక్కలోకే వచ్చాయి. లైసెన్సు లేనిదే తుపాకి ఉంచుకోరాదు. కానీ యూరోపియన్లకు మినహాయింపు. అదే సంవత్సరం లిట్టన్ దేశభాషా పత్రికల నోరు నొక్కే చట్టం కూడా తెచ్చాడు. తరువాత వచ్చిన రిప్పన్ పత్రికల చట్టాన్ని రద్దు చేశాడు గాని ఆయుధాల చట్టాన్ని అలాగే ఉంచాడు. మనం మాట్లాడితే సహించగలరు, మన చేతిలో తుపాకి ఉంటే సహించలేరు.

ఆ మినహాయింపు అంటే ఏమిటో మన జిల్లావారికి వేరే చెప్పనక్కరలేదు. ధర్మవరం నుంచి రైలెక్కితే కొద్ది గంటల్లో వచ్చే గుంతకల్లులో, 1893 అక్టోబరులో, తెల్ల సోల్జర్లు ఇద్దరు ఆడవాళ్ళ వెంటపడ్డారు. వారు పరుగెత్తి రైలు గేటు కాపలాదారు హంపన్న వద్ద తలదాచుకున్నారు. హంపన్న అడ్డం నిలిచాడు. సోల్జరు కాల్చిన గుండుకు ప్రాణం విడిచాడు. గుత్తి వకీలు పట్టు కేశవపిళ్ళె గారు ఆ అన్యాయాన్ని లోకానికి తెలియజేశారు. మద్రాసు హైకోర్టులో విచారణ జరిగి నిందితుడు నిర్దోషిగా బయటపడ్డాడు. గేటు కాపలాదారు చేతిలో ఉన్నది జెండా, లాంతరు. అవతలివాడి చేతిలో తుపాకి.

కాబట్టి ఆ కాలపు జాతీయ నాయకులు ఆయుధాల చట్టాన్ని అవమానంగా భావించడంలో ఆశ్చర్యం లేదు. 1887లో మద్రాసులో బద్రుద్దీన్ తయ్యబ్జీ అధ్యక్షతన జరిగిన కాంగ్రెసు మహాసభలోనే దీని మీద తీర్మానం చేశారు. 1931లో పటేల్ అధ్యక్షతన జరిగిన కరాచీ కాంగ్రెసు ప్రాథమిక హక్కుల తీర్మానంలో, నిబంధనలకు లోబడి ఆయుధం ఉంచుకునే హక్కును చేర్చారు. అహింస దీక్ష పట్టిన కాంగ్రెసే ఆ మాట వ్రాసిందంటే ఈ తరంవారు నమ్మరు.

స్వరాజ్యం వచ్చింది. 1948 డిసెంబరులో రాజ్యాంగ సభలో హెచ్.వి. కామత్ గారు కరాచీ తీర్మానాన్ని గుర్తుచేసి, ఆయుధం ఉంచుకునే హక్కును రాజ్యాంగంలో చేర్చాలని సవరణ పెట్టారు. (నేను పుట్టిన సంవత్సరం కూడా అదే.) అంబేడ్కర్ గారు ఒప్పుకోలేదు. ప్రాథమిక హక్కు అంటే అందరికీ హక్కే, నేరాలకు అలవాటుపడినవాడు కూడా నాకు హక్కుందని కోర్టుకెక్కితే ఏం చేస్తారన్నది ఆయన వాదనలోని సారం. సవరణ వీగిపోయింది. చివరకు మన రాజ్యాంగంలో ఆయుధాల ప్రస్తావన ఎలా వచ్చిందో చూడండి. ఆయుధాలు లేకుండా శాంతియుతంగా సమావేశం కావడానికి హక్కు ఇచ్చారు. సిక్కు సోదరుల కృపాణానికి మాత్రం మత స్వేచ్ఛ కింద చోటు ఉంది. 2023లో సుప్రీంకోర్టు కూడా అమెరికాలో మాదిరిగా మన దేశంలో ఆయుధం ధరించడం ప్రాథమిక హక్కు కాదని గుర్తుచేసింది.

1878 చట్టం స్థానంలో 1959లో కొత్త చట్టం చేసి, 1962 అక్టోబరు 1 నుంచి అమలులోకి తెచ్చారు. నేను నౌకరీలో చేరేనాటికి మా సెక్షన్లో అదే మాకు వేదం. లైసెన్సు ఇచ్చే అధికారం జిల్లా మేజిస్ట్రేటు హోదాలో కలెక్టరు గారిది. పోలీసువారి రిపోర్టు ఒకటి, మా రెవిన్యూ ఎంక్వయిరీ రిపోర్టు ఒకటి వెళ్ళాలి. భూమి ఎంత, చేను అడవి అంచున ఉందా, మనిషి నడత ఎటువంటిది – ఇవన్నీ 1984లో గ్రామాధికారుల వ్యవస్థ రద్దయ్యే వరకు రెడ్డి, కరణం చెప్పినదాన్ని బట్టే వ్రాసేవాళ్ళం.

ఈ చట్టంలో పదమూడవ సెక్షన్ అని ఒకటి ఉంది. పంట కాపలాకు మందు దట్టించి కాల్చే తుపాకి కావాలని రైతు అడిగితే, అభ్యంతరకరమైన కారణం ఏదీ లేనప్పుడు, లైసెన్సు ఇచ్చి తీరాలి. అదే రివాల్వరు వంటిది కావాలంటే, తగిన కారణం ఉన్నదని అధికారి తృప్తి చెందితేనే ఇవ్వాలి. అంటే చట్టం దృష్టిలో మొదటి మర్యాద పందుల్ని తోలుకునే రైతుది. ఆచరణలో ఏం జరిగిందో చెప్పడానికే ఇంతదూరం వచ్చాను.

ఊరి పేరు, ఆఫీసు పేరు వ్రాయను. మన మూడు తాలూకాల పరిధిలోనిదే అనుకోండి. కొండ వారగా నాలుగెకరాల చెనక్కాయ చేను ఉన్న రైతు ఒకాయన. వాళ్ళ నాయన కాలంనాటి ఒంటిగొట్టం తుపాకి, దానికి పంట కాపలా లైసెన్సు. అడవిపందిని చంపడానికి 1972 వన్యప్రాణి చట్టం అడ్డం వస్తుందని ఆయనకూ తెలుసు. "సంపేదెందుకు సామీ, ఒక తూరి శబ్దమైతే సాలు, ఆ యేడాది ఆ దారికి రావు" అనేవాడు. 1989 ఎన్నికలు వచ్చాయి. రివాజు ప్రకారం లైసెన్సుదారులందరూ తుపాకులు పోలీసు స్టేషన్లో అప్పగించాలి. ఆయన తొలిరోజే పోయి అప్పగించి రశీదు తీసుకున్నాడు. ఆ సంవత్సరాంతానికే లైసెన్సు గడువు తీరుతుంది. రెన్యువల్ దరఖాస్తు, చలానా కట్టిన రశీదు నా చేతికే ఇచ్చాడు.

ఫైలు మీద "పోలీసు రిపోర్టు రావలసి ఉన్నది" అని వ్రాసి కట్టలో పెట్టాను. ఆ కట్ట పద్నాలుగు నెలలు కదలలేదు. జ్ఞాపకం చేస్తూ ఒక్క కాగితం పంపి ఉంటే సరిపోయేది. పంపలేదు. ఎందుకు పంపలేదని అడిగితే ఈనాటికీ నా వద్ద జవాబు లేదు. ఎవరూ ఒత్తిడి చేయలేదు గనుక, అంతే. రెన్యువల్ నిరాకరిస్తూ ఆర్డరు వస్తే దాని మీద అప్పీలు చేసుకోవచ్చు. ఆర్డరే లేనప్పుడు దేని మీద అప్పీలు? గడువు తీరిన లైసెన్సు తాలూకు ఆయుధాన్ని తిరిగి తీసుకోనందుకు చట్ట ప్రకారం సర్కారుకు జప్తు అయింది. నోటీసు తనకు అందలేదన్నాడాయన. రెండు కార్లు వరుసగా పందులు చేను దున్నేశాయి. మూడో ఏడు ఎద్దుల్ని సంతకు తోలాడు.

ఇదే కాలంలో మరో దరఖాస్తు వచ్చింది. దరఖాస్తుదారు పలుకుబడి కలవాడు. అడిగినది రివాల్వరు. పైనుంచి ఫోను వచ్చింది. "విచారణలో ప్రాణభయం ఉన్నట్లు తేలింది" అని నేనే వ్రాశాను. విచారణ అంటే ఆయన పంపిన జీపులో వెళ్ళి, ఆయన ఇంట్లో కాఫీ తాగి రావడం. మూడు రోజుల్లో ఫైలు వెళ్ళిపోయింది. కొన్నేళ్ళకు ఒక పెళ్ళి ఊరేగింపులో ఆ రివాల్వరు సరదాగా పేలింది. డప్పు కొట్టే కుర్రవాడి భుజంలో గుండు దిగింది. బతికాడు, కానీ ఆ చేయి మళ్ళీ పైకి లేవలేదని విన్నాను. పాత ఫైలు కోసం పోలీసులు వచ్చినప్పుడు నా చేతివ్రాతను నేను గుర్తుపట్టాను. ఇటువంటి సరదా కాల్పులకు రెండేళ్ళ దాకా శిక్ష వేయవచ్చని 2019లో చట్టాన్ని సవరించారు. ఒక మనిషికి మూడు తుపాకుల దాకా ఉన్న అనుమతిని అప్పుడే రెండుకు తగ్గించారు. 2016 నిబంధనల్లో తుపాకి వాడకంలో శిక్షణ కూడా తప్పనిసరి చేశారు. మా రోజుల్లో ట్రిగ్గరు ఎక్కడుందో తెలియనివాడికి కూడా లైసెన్సు వచ్చేది.

ఇక ఫ్యాక్షన్ సంగతి. సినిమాలు చూసి సీమ అంటే ఇంటింటా తుపాకి అనుకుంటారు. ఇక్కడి రక్తపాతంలో ఎక్కువ పని చేసినవి వేటకొడవలి, నాటుబాంబు. 1993లో టీవీలో అమర్చిన బాంబు, 1997 నవంబరులో హైదరాబాదు జూబ్లీహిల్స్‌లో పేలిన కారుబాంబు ఏ లైసెన్సు రిజిష్టరులోనూ లేవు. 2005 జనవరి 24న పెనుకొండ శాసనసభ్యుడు, మాజీ మంత్రి పరిటాల రవీంద్రను అనంతపురంలో పట్టపగలు కాల్చి చంపారు. ఆ రోజు బస్సులు నిలిచిపోయి, ఆఫీసు నుంచి ఇంటికి నడిచివచ్చిన సభ్యులు మనలో ఇంకా ఉన్నారు. లైసెన్సులు పెట్టినందువల్ల హత్యలు ఆగాయా అని మనుమడు అడిగితే, ఆగలేదనే చెప్పాలి. రైతు రశీదు తీసుకుని తుపాకి అప్పగిస్తాడు, బాంబు చుట్టేవాడు మా సెక్షన్‌కు రాడు.

అయినా నేను అంబేడ్కర్ గారి పక్షమే. పాలెగాడి బంట్లు పోతే రైతు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నాడని పైన వ్రాశాను గదా. ఆయుధం అందరి హక్కు అన్నచోట అది ముందుగా చేరేది డబ్బు, మంది ఉన్నవాడి చేతికే. మన పల్లెల్లో ప్రతి పగకూ చేతికందే దూరంలో తుపాకి ఉండి ఉంటే ఎన్ని ఇళ్ళు మిగిలేవో తలచుకోవడానికే భయం వేస్తుంది. 2017 ఫిబ్రవరిలో కాన్సాస్ రాష్ట్రం ఒలేతాలో మన తెలుగు ఇంజనీరు ఒకరిని, ఎవరో ఏమిటో తెలియని మనిషి హోటల్లో కాల్చి చంపినప్పుడు మన సంఘంలో పిల్లలు అక్కడున్న ప్రతి ఇంటా ఆ రాత్రి ఫోన్లు మోగాయి.

దీనికి ఎదురు ఉదాహరణ కూడా చెప్పడం ధర్మం. మన పొరుగు కర్ణాటకలోనే కొడగువారికి 1861 నుంచి లైసెన్సు అవసరం లేదు. కైల్పోదు పండుగకు తుపాకులకు పూజ చేస్తారు. ఆ మినహాయింపును 2019లో కేంద్రం మరో పదేళ్ళు పొడిగించింది, 2021లో కర్ణాటక హైకోర్టు సమర్థించింది. అక్కడ కొంప మునగలేదు. అది వారి ఆచారం, వారి కట్టుబాటు. మన దగ్గర ఆ కట్టుబాటు లేదు గనుకనే కాగితం కావలసివచ్చింది. ఆ కాగితం మీద సంతకం చేసే చేతులు నావంటివి. మనుమడికి ఈ ముక్క చెప్పడమే నాకు కష్టం.

పోయిన సంవత్సరం ఒక పెళ్ళికి వెళుతూ ఆ కొండ వారగా పోవడం తటస్థించింది. 2022 ఏప్రిల్ నుంచి అది శ్రీ సత్యసాయి జిల్లా. చేను మాత్రం అదే. చుట్టూ కట్టెలు పాతి పాత చీరలు కట్టి ఉన్నారు, పందులు బెదురుతాయని. కారు ఆపించి దిగాను. ఆ రైతు కాలం చేసి చాలా ఏళ్ళయిందట, కొడుకు ఉన్నాడు. నేనెవరో చెప్పాను. అతను ఏమీ అనలేదు, మంచినీళ్ళిచ్చాడు. పోలీసు స్టేషన్ రశీదు నాయన ట్రంకుపెట్టెలో ఇంకా ఉందన్నాడు. "ఇప్పుడైనా తుపాకి ఇస్తారా సార్?" అని అడిగాడు. జప్తు అయిన వస్తువు తిరిగి రాదని చెప్పాను. "పోనీలే సార్, చీరలకు కొన్నాళ్ళు బెదురుతాయి" అంటూ, గాలికి ఊడిపోయిన ఒక కొంగును మళ్ళీ కట్టెకు ముడివేయడానికి వంగాడు.