ఖురం: సగం ఏడాది ఊరు

నవంబరు నుంచి మార్చి దాకా నేను మస్కట్‌లోని ఖురంలో ఉంటాను, అమ్మానాన్నల దగ్గర. మిగతా నెలలు తాళ్ళరేవు దగ్గర పల్లెలో, మామ్మ దగ్గర. బస్సులో ఎవరైనా "మీదే ఊరమ్మా?" అని అడిగితే కాసేపు ఆగిపోతాను. మాటలు రాక కాదు. ఏ ఊరి పేరు చెప్పినా సగం అబద్ధం చెప్పినట్టు ఉంటుంది.

ఈ మార్చి 31న నాన్న రిటైర్ అవుతున్నారు. ఇక్కడ మా వీసా ఉద్యోగంతో ముడిపడి ఉంది. ఉద్యోగం అయిపోతే ఊరు కూడా అయిపోయినట్టే. ఇరవై నాలుగేళ్ళ సామానులో ఏది తీసుకెళ్ళాలి, ఏది ఎవరికి ఇచ్చెయ్యాలి అని అమ్మ రోజూ సర్దుతోంది. నేను ఈ ఊరి చరిత్ర చదువుతున్నాను. వెళ్ళేలోపు దాన్ని తెలుగులో రాయాలని కోరిక. స్కూల్లో నా రెండో భాష హిందీ. తెలుగు రాయడం ఇరవై దాటాక సొంతంగా నేర్చుకున్నాను. అందుకే నా వాక్యాలు పొట్టిగా ఉంటాయి, ఏమీ అనుకోకండి.

పేరులోనే చెట్టు

అరబ్బీలో "ఖుర్మ్" అంటే మడ చెట్టు. ఉప్పునీళ్ళలో నిలబడి, బురదలోంచి వేళ్ళు పైకి పెట్టి గాలి పీల్చుకునే చెట్టు. ఒకవైపు హైవే, ఒకవైపు బీచ్ రోడ్డు, మధ్యలో ఈ మడ అడవి. 1975 నుంచి ఇది రక్షిత ప్రాంతం. ఒమన్ నుంచి రామ్‌సర్ జాబితాలోకి ఎక్కిన మొదటి చిత్తడి నేల ఇదే, 2013లో. చలికాలంలో ఇక్కడికి వలస పక్షులు వస్తాయి. "వలస" అనే మాట నేను మొదట నేర్చుకున్నది ఆ పక్షుల గురించే. అది మనుషులకు కూడా వాడతారని తర్వాత తెలిసింది.

ఒకసారి వీడియో కాల్‌లో మామ్మకు ఆ చెట్లు చూపించాను. "ఇది మన మడేనే! అంత దూరం ఎలాగొచ్చిందే?" అంది. మామ్మ చెప్పింది నిజం. ఖురంలో పెరిగే మడ జాతి ఒక్కటే, అవిసెన్నియా మెరీనా. మా పల్లె పక్కన కోరంగి అడవిలో ఉన్న మడ జాతుల్లో అదీ ఒకటి.

ఎర్ర కొన మీద గుల్లల దిబ్బ

బీచ్‌కి ఈశాన్యంగా ఒక కొండకొన సముద్రంలోకి పొడుచుకొచ్చి ఉంటుంది. పేరు రాస్ అల్ హమ్రా, అంటే ఎర్ర కొన. అక్కడ గుల్లల దిబ్బలున్నాయి. మౌరిజియో తోసీ వంటి ఇటలీ పురావస్తు శాస్త్రవేత్తలు 1980లలో వాటిని తవ్వారు. అవి సుమారు ఆరు వేల ఏళ్ళ కిందటి జాలరుల ఊళ్ళని తేలింది. వలకు కట్టే రాతి బరువులు, ముత్యపుచిప్పతో చేసిన గాలాలు, చేప ఎముకలు, మడ బురదలో ఏరుకుని తిన్న గుల్లలు దొరికాయి. వందకు పైగా మనుషుల సమాధులు కూడా. కొందరి మీద తాబేలు ఎముకలు పేర్చి ఉన్నాయి.

నన్ను పట్టుకున్నది ఇంకొక సంగతి. ఆ జాలరులు ఏడాది పొడుగునా అక్కడే ఉన్నారా, కొన్ని నెలలు ఉండి లోపలి కొండలకు వెళ్ళిపోయేవారా? దీని మీద పరిశోధకుల్లో వాదన ఉంది. ఆరు వేల ఏళ్ళ తర్వాత కూడా వాళ్ళను "మీదే ఊరు?" అని అడుగుతూనే ఉన్నారు!

గాలిని బట్టి ఇల్లు

తర్వాతి కాలంలో వాదన అక్కర్లేదు. ఏసీలు లేని రోజుల్లో మస్కట్, మత్రా జనంలో చాలామంది వేసవిలో ఊరు విడిచి ఖర్జూరపు తోటలకు వెళ్ళేవారు. ఖర్జూరం కోసే కాలాన్ని "ఖైజ్" అంటారు. అక్కడ ఖర్జూరపాకుల పాకల్లో ఉండి, కోతలయ్యాక తిరిగి వచ్చేవారు. సూర్ రేవు నావికులైతే చలికాలపు ఈశాన్య గాలితో ఆఫ్రికా తీరానికి వెళ్ళి, నైరుతి గాలి మొదలవగానే ఇంటికి మళ్ళేవారు. భార్యాపిల్లలు నెలల తరబడి ఎదురు చూసేవారు.

ఆ నైరుతి గాలే ఇప్పుడు సర్ఫింగ్ చేసేవాళ్ళను నడిపిస్తోంది. ఖురం బీచ్‌లో అలలు చిన్నవి. జూన్ నుంచి ఆగస్టు దాకా, అరేబియా సముద్రం వైపున్న అల్ అష్ఖరాలో పెద్ద అలలు లేస్తాయి. చిన్నప్పుడు నాన్న మమ్మల్ని ఒక్కసారి తీసుకెళ్ళారు. మధ్యాహ్నానికల్లా అందరికీ వాంతులు, తిరిగొచ్చాం. అమ్మ తెచ్చిన పులిహోర మాత్రం దారిలో ఒక లారీ డ్రైవరు ఇష్టంగా తిన్నాడు.

మన వైపు నుంచీ ఈ సముద్రానికి దారి పాతదే. 17వ శతాబ్దంలో గోల్కొండ రాజ్యపు ఓడలు మచిలీపట్నం నుంచి ఇరాన్ తీరంలోని బందర్ అబ్బాస్‌కు వచ్చేవి. మచిలీపట్నాన్ని మనం బందరు అంటాం కదా, అది పారసీ మాట, రేవు అని అర్థం. మస్కట్ దగ్గర కూడా బందర్ జిస్సా, బందర్ ఖైరాన్ ఉన్నాయి. ఇది తెలిసిన రోజు ఎగిరి గంతేశాను.

డబ్బు కూడా మనదే ఉండేది. 1959లో రిజర్వ్ బ్యాంకు గల్ఫ్ దేశాల కోసం ప్రత్యేకంగా రూపాయి నోట్లు అచ్చువేసింది. ఒమన్‌లో అవి 1970 దాకా చెల్లాయి. ఇప్పుడు ఒక రియాల్‌కు వెయ్యి బైసాలు. బైసా అంటే మన పైసానే.

చమురు, తర్వాత నీళ్ళు

1967 జూలైలో ఎర్ర కొన అవతల ఉన్న రేవు నుంచి ఒమన్ చమురు మొదటిసారి ఓడకెక్కింది. ఆ రేవు ఇప్పుడు మీనా అల్ ఫహల్. 1970లో సుల్తాన్ ఖాబూస్ వచ్చేసరికి దేశం మొత్తం మీద తారు రోడ్డు పది కిలోమీటర్లు, బడులు మూడు. అక్కడి నుంచి రోడ్లు, ఆస్పత్రులు, ఇళ్ళు కట్టడానికి మనుషులు కావాల్సి వచ్చింది. అలా వచ్చినవాళ్ళలో కేరళవాళ్ళున్నారు, కడప, గోదావరి, కరీంనగర్ వాళ్ళున్నారు. ఆలస్యంగా వచ్చినవాళ్ళలో మా నాన్న ఒకరు.

2007 జూన్‌లో గోను తుఫాను వచ్చింది. ఏడాదికి సగటున 100 మిల్లీమీటర్ల వాన పడే ఊరు ఇది. మేమంతా కిటికీలోంచి సముద్రం వైపు చూస్తూ కూర్చున్నాం. నీళ్ళు వెనక నుంచి వచ్చాయి, కొండల్లోంచి, ఎండిపోయిన వాగుల్లోంచి. మా కారు మునిగింది. పై అంతస్తులోని ఒమానీ కుటుంబం మమ్మల్ని పైకి పిలిచింది. వాళ్ళ పిల్లల మధ్యలో, ఒకే దుప్పటి కింద పడుకున్నాను. ఒమన్‌లో దాదాపు యాభై మంది పోయారు.

ఫోన్లు కలిశాక మామ్మ ఏడవలేదు. "మడ నిలబడిందా?" అని అడిగింది. నాకప్పుడు అర్థం కాలేదు. 1996 నవంబరు 6 రాత్రి తుఫాను మామ్మ ఊరి మీదే వచ్చింది. అంతకుముందు 1789లో, 1839లో ఓడలు బాగుచేసే కోరంగి పట్నమే తుఫాన్లకు కొట్టుకుపోయింది. మడ అడ్డం లేకపోతే మనం లేం అని ఆవిడ నమ్మకం. ఖురంలో మడ చాలావరకు నిలబడింది.

రంగం పెట్టె

మామ్మ మామగారు రంగం వెళ్ళొచ్చినవారు. రంగం అంటే రంగూన్. కోరంగి, కాకినాడ వైపు నుంచి కూలీలు ఓడెక్కి బర్మా బియ్యం మిల్లుల్లో, రేవుల్లో పనిచేసి తిరిగి వచ్చేవారు. బర్మాలో తెలుగువాళ్ళకు "కోరంగీలు" అనే పేరే పడిపోయింది. 1941 డిసెంబరులో జపాన్ బాంబులు పడ్డాయి. మా ముత్తాత లక్షల మందితో కలిసి నడుచుకుంటూ అస్సాం చేరారు. ఆయన దగ్గర మిగిలింది అంతకు ముందే ఓడలో పంపిన ఒక టేకు పెట్టె. అది ఇప్పటికీ మామ్మ మంచం కింద ఉంది.

మొన్న ఈ వ్యాసం ఫోన్లో చదివి వినిపించాను. "మేం ఖురం వదిలేస్తున్నాం" అని రాసిన చోట మామ్మ ఆపింది.

"వదిలెయ్యటం ఏంటే? మా మామగారు ఎప్పుడూ రంగం వదిలేశానన్లేదు. పోయేదాకా ధాన్యం బస్తాలు బర్మా లెక్కలోనే లెక్కెట్టేవారు."

నాన్న పక్కనే ఉన్నారు. ఆయన కూరగాయల చిల్లర లెక్కపెట్టేది "వాహద్, ఇత్నేన్, తలాతా" అని. కాకినాడ మార్కెట్లో కూడా అలాగే లెక్కపెడితే అందరూ చూస్తారని అమ్మ నవ్వుతుంది. నాన్న ఆ రోజు నవ్వలేదు. లేచి వరండాలోకి వెళ్ళారు.

మర్నాడు పొద్దున పై అంతస్తువాళ్ళు వచ్చారు. వాళ్ళ ఇత్తడి కాఫీ కూజా ఇచ్చి వెళ్ళారు. అమ్మ దాన్ని "ఇచ్చెయ్యాల్సినవి" వరసలో పెట్టలేక, "తీసుకెళ్ళాల్సినవి" వరసలో చోటు లేక, రెండు రోజులు వంటింటి గట్టు మీదే ఉంచింది.

మామ్మకు చెప్పాను. టేకు పెట్టెలో దుప్పట్లు తీసి కొలిచిందట. మూరెడు చోటుందట. సరిపోతుంది.