గోల్ఫ్ కార్ట్: అమెరికా రహదారులపై అర్హత

గోల్ఫ్ మైదానంలో ఆటగాళ్ళను, వాళ్ళ క్లబ్బుల సంచులను మోసే చిన్న బండి గోల్ఫ్ కార్ట్. అమెరికాలో కొన్ని ఊళ్ళలో ఇది మైదానం దాటి వీధుల్లోకి వచ్చింది. ఫ్లోరిడాలోని ‘ది విలేజెస్’లో పదవీ విరమణ చేసినవారు అంగడికి దీనిమీదే వెళ్తారు. జార్జియాలోని పీచ్‌ట్రీ సిటీలో హైస్కూలు పిల్లలు బడికి కూడా నడుపుకుంటూ పోతారు; అక్కడ ఇందుకు విడిగా బాటలున్నాయి.

బండి ఏ వర్గంలోకి వస్తుందో తేల్చేది ముఖ్యంగా దాని గరిష్ఠ వేగం. గంటకు 20 మైళ్ళు (32 కి.మీ.) మించనిది గోల్ఫ్ కార్టుగానే ఉంటుంది, దాన్ని ఏ వీధుల్లో నడపనివ్వాలో రాష్ట్రమూ స్థానిక పాలకులూ నిర్ణయిస్తారు. 20 దాటి 25 మైళ్ళ (40 కి.మీ.) లోపు వేగంతో, సరుకుతో కలిపి 3,000 పౌండ్ల లోపు బరువు తూగే నాలుగు చక్రాల బండి ‘తక్కువ వేగపు వాహనం’. ఈ వర్గాన్ని జాతీయ రహదారి భద్రతా సంస్థ 1998 జూన్‌లో ఏర్పరచింది. 25 కూడా దాటితే మామూలు కారుకుండే ప్రమాణాలన్నీ వర్తిస్తాయి. షెడ్డులో గోల్ఫ్ కార్టుకు చేసే మార్పులతో వాటిని అందుకోవడం దాదాపు అసాధ్యం.

తక్కువ వేగపు వాహనానికి హెడ్‌లైట్లు, టెయిల్ లైట్లు, బ్రేక్ లైట్లు, ఇండికేటర్లు, ఎర్ర రిఫ్లెక్టర్లు, వెనక చూసే అద్దాలు, పార్కింగ్ బ్రేకు, ప్రతి సీటుకూ బెల్టు తప్పనిసరి. ముందు అద్దం వాహనాలకు ఆమోదించిన రకానిదై ఉండాలి. గుర్తింపు సంఖ్య కూడా కావాలి. ఫ్లోరిడాలో, గోల్ఫ్ కార్టును మార్చి తయారుచేసిన బండిని రాష్ట్ర అధికారులు తనిఖీ చేశాకే ఆ సంఖ్య ఇస్తారు. ఆపైన యాజమాన్య పత్రం, రిజిస్ట్రేషన్, బీమా, నడిపేవారికి లైసెన్సు ఉండాలి. ఇవన్నీ ఉన్నా, ఫ్లోరిడాలో 35 మైళ్ళకు మించిన వేగపరిమితి గల రోడ్డును అడ్డంగా దాటవచ్చు గానీ దానిమీద సాగిపోకూడదు.

తక్కువ వేగపు వాహనాల ప్రమాణంలో ఒక లోటుంది. పార్కింగ్ బ్రేకు ఉండాలంటుంది గానీ, పరుగెత్తే బండి ఎంత దూరంలో ఆగాలో చెప్పదు. చాలా గోల్ఫ్ కార్టులకు వెనక చక్రాలకే బ్రేకులుంటాయి. మైదానంలో అవి సరిపోతాయి. కార్ల మధ్య, నలుగురు కూర్చున్న బండికి చాలవు. చట్టం అడగకపోయినా, వేగం పెంచాలనుకునేవారు ముందు చక్రాలకు కూడా బ్రేకులు వేయించుకోవాలి.