పాక అని రాశారా, ఇల్లు అని రాశారా?

2013 అక్టోబరు 12న ఫైలిన్. సరిగ్గా ఏడాదికి, 2014 అక్టోబరు 12న హుద్‌హుద్. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ. మూడూ మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలను దెబ్బతీసినవే. తిత్లీ అనగానే అందరికీ ఉద్దానం కొబ్బరి తోటలే గుర్తొస్తాయి. అక్కడి నష్టం అంత పెద్దది, కాదనలేం. కానీ పలాస దగ్గర తీరం దాటిన గాలి మందస కొండలను వదిలిపెట్టలేదు. సరిహద్దుకు అవతల గజపతి జిల్లా బారాఘరలో వానకు తలదాచుకున్న గిరిజనుల మీద కొండచరియ విరిగిపడి పదిమందికి పైగా చనిపోయారు. అవతలివాళ్లూ మన సవర బంధువర్గమే.

గాలివాన తరువాత వచ్చే సాయం సంగతి మన యువత తెలుసుకోవాలి. ఇంటి నష్టపరిహారానికి కేంద్రం పెట్టిన లెక్క ఒకటుంది. తిత్లీ నాటికి అమల్లో ఉన్నది 2015లో ఇచ్చిన లెక్క. పూర్తిగా కూలిన ఇంటికి, అది పక్కాదైనా కచ్చాదైనా, మైదానంలో 95,100 రూపాయలు, కొండ ప్రాంతంలో 1,01,900. పాకకు మాత్రం 4,100. అంటే రాసేవాళ్ల కలం 'కచ్చా ఇల్లు' దగ్గర ఆగిందా, 'పాక' దగ్గర ఆగిందా అన్నదాన్ని బట్టి సాయం దాదాపు 25 రెట్లు మారిపోతుంది. (కొండ మీదికి అదనంగా ఇచ్చే 6,800తో ఇసుక, సిమెంటు ఎంత దూరం మోయించగలరో లెక్క వేసినవాళ్లకే తెలియాలి.)

పాక అంటే ఏమిటి? గడ్డి, మట్టి, ప్లాస్టిక్ షీట్లలాంటి వాటితో వేసుకున్న, కచ్చా ఇంటికన్నా తక్కువ రకం తాత్కాలిక నివాసం అని ఆ నిబంధనే చెబుతుంది. దేన్ని పాకగా గుర్తించాలన్నది రాష్ట్ర, జిల్లా అధికారులకు వదిలింది. ఇప్పుడు మన సవర ఇల్లు చూడండి. దళసరి మట్టిగోడ, గడ్డి కప్పు, వంగి వెళ్లేంత కిందికి దిగిన చూరు, ముందు అరుగు, లోపల గింజలు దాచే అటక, గోడ మీద పెద్దలకు వేసిన బొమ్మ. వాడిన సరుకు చూస్తే పాక. కాపురం చూస్తే తాతల నాటి ఇల్లు. గడ్డి మార్చుకుంటాం గానీ ఇల్లు మార్చుకోం. దాన్ని 'తాత్కాలికం' అనడం నా దృష్టిలో తప్పు. ఇంకో చిక్కు: ఎదురెదురు వరసల్లో, ఉమ్మడి గోడలతో ఒకే చూరు కింద నాలుగు కుటుంబాలుంటే, కూలింది ఒక ఇల్లా, నాలుగా?

ఆ నిబంధనలోనే మరో షరతు ఉంది. అది అనుమతి ఉన్న కట్టడమని అధికారి ధ్రువీకరించాలి. అటవీ భూమిలో ఉన్న గూడలకు ఇక్కడే ఇబ్బంది. 2006 అటవీ హక్కుల చట్టాన్ని మనవాళ్లు పోడు పట్టాల చట్టంగానే చూశారు. కానీ 2005 డిసెంబరు 13కు ముందు నుంచి అక్కడ ఉంటున్నవారికి సాగుతోపాటు నివాసానికి కూడా అది హక్కు ఇస్తుంది. ఇంటి జాగా కోసం కూడా దరఖాస్తు పెట్టుకోవచ్చు.

పక్కా ఇళ్ల పథకాల కథ వేరు. 1985లో ఇందిరా ఆవాస్ యోజన మొదలైనప్పుడు అది ఎస్సీలు, ఎస్టీలు, వెట్టి నుంచి విడుదలైన వారికోసమే. 2016లో దాని స్థానంలో ప్రధానమంత్రి ఆవాస్ యోజన వచ్చింది. 2023 నవంబరు 15న మొదలైన పీఎం జన్‌మన్‌లో ఆదిమ తెగలకు ఇంటికి ఇచ్చే సాయం అంతకన్నా ఎక్కువ. మన రాష్ట్రం ఆదిమ తెగల జాబితాలో కొండ సవరలున్నారు, జాతాపులు లేరు. ఒకే గాలికి కప్పులు లేచిపోయిన పక్కపక్క గూడల మధ్య ఇక్కడా కాగితం మీది మాటే తేడా తెస్తోంది.

2022లో లెక్క మారింది. కూలిన ఇంటికి కొండ ప్రాంతంలో 1,30,000, పాకకు 8,000. అప్పటి 25 రెట్లు ఇప్పుడు 16 రెట్లయ్యాయి. మీ చేతుల్లో ఫోన్లున్నాయి. అక్టోబరు రాకముందే గూడలోని ప్రతి ఇంటినీ లోపలా బయటా ఫొటో తీసి, ఎవరి ఇల్లో, ఎన్ని గదులో, ఎన్నాళ్ల నుంచి ఉంటున్నారో రాసిపెట్టండి. నష్టం రాయడానికి వచ్చినవాళ్లు వెళ్లేముందు, జాబితాలో మీ ఇంటి ఎదురుగా ఏ మాట రాశారో అడిగి చదివించుకోండి.