ఇనుము - గంధకం ప్రయోగం

మూలకం, మిశ్రమం, సంయోగ పదార్థం - ఈ మూడింటి మధ్య గల భేదాన్ని విద్యార్థులకు చూపుటకు పాఠశాలల్లో చేసే ప్రసిద్ధ ప్రయోగం ఇనుము - గంధకం ప్రయోగం.

ఇనుప రజను, గంధకపు పొడి కలిపితే ఏర్పడేది మిశ్రమం మాత్రమే. అయస్కాంతంతో అందులోని ఇనుమును వేరుచేయవచ్చు. ఈ మిశ్రమాన్ని పరీక్షనాళికలో వేడిచేస్తే ఒకచోట ఎర్రబడుతుంది. చర్యలో ఉష్ణం వెలువడుతుంది గనుక, మంటను తొలగించినా ఆ ఎరుపు మిగతా భాగానికి వ్యాపిస్తుంది. చల్లారిన పిదప మిగిలే నల్లని ముద్ద ఫెర్రస్ సల్ఫైడ్ అనే సంయోగ పదార్థం. సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో మిశ్రమంలోని ఇనుము వాసన లేని హైడ్రోజన్‌ను ఇస్తుంది. ఫెర్రస్ సల్ఫైడ్ మాత్రం కుళ్ళిన కోడిగుడ్ల వాసన గల హైడ్రోజన్ సల్ఫైడ్‌ను ఇస్తుంది. ఇది విషవాయువు. కావున ఈ పరీక్షను ఉపాధ్యాయుడే, అతి తక్కువ పరిమాణంలో, గాలి బాగా ఆడే చోట చేయాలి.

నల్లని ముద్దను అయస్కాంతం ఆకర్షించదని పాఠ్యపుస్తకాలు చెబుతాయి. తరగతి గదిలో తరచు ఆకర్షిస్తుంది! అయినను విద్యార్థి "ఆకర్షించలేదు" అనే రాస్తాడు, మార్కులు దానికే గదా. శాస్త్రీయ పద్ధతికి ఇంతకన్న హాని లేదు. నిజానికి ద్రవ్యరాశిలో 7 పాళ్ళ ఇనుముకు 4 పాళ్ళ గంధకం అవసరం. రెండింటినీ చెంచాతో సమంగా కొలిస్తే, బరువైన ఇనుము ఎక్కువై కొంత చర్య జరగకుండా మిగిలిపోతుంది. వేడికి కొంత గంధకం ఆవిరై పోతుంది కూడా. ముద్ద ఎందుకు అంటుకున్నదో విద్యార్థులచేతనే ఊహింపజేసి, ఈసారి పొడులను త్రాసులో తూచి, గంధకాన్ని కొంచెం అధికంగా కలిపి, ప్రయోగాన్ని మరల చేయించవచ్చు.